ఇటు చూడమ్మా

ఉరవకొండ స్టూడియోలో
పదకొండేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నా.
"ఇటు చూడమ్మా, కొంచెం నవ్వు" అంటే
ఏడుస్తున్న పెళ్లికూతురు కూడా నవ్వింది.

ఈ తీతువు నవ్వదు. చూడదు.
చెనిక్కాయ పీకేసిన చేని గట్టున
నేనింకా కాలు పెట్టకముందే
సీమంతా చాటింపేసింది.

మొదటిరోజు తెల్లచొక్కాతో పోయినా.
గొర్రెలు తోలుకొస్తున్న ఓబులేసు
"ఎవురింట్లో సంబంధం సామీ?" అన్నాడు.
మర్నాడు మట్టిరంగు లుంగీ.
సెంటు లేదు, ఫోను లేదు.
కందికట్టె వామి వెనక బోర్లా పడుకున్నా.
మోచేతుల కింద పల్లేరుకాయలు.
చీమొకటి చెవిదాకా వచ్చి
ఏదో అడిగి పోయింది.

మూడోరోజు వచ్చింది.
పసుప్పచ్చ కాళ్లు, కంటిముందు ఎర్రతోలు.
నాలుగడుగులేసి, ఆగి,
మళ్లీ రెండేసి,
గులకరాళ్ల మీద కూర్చుంది.

రాళ్లు కావవి.
నిన్న వాటికి జానెడు దూరంలో
చెప్పులు విడిచినా నేను.

ఊపిరి బిగబట్టి బటన్ నొక్కినా.

ఇంటికొచ్చి చూస్తే పిట్ట లేదు.
అంతకుముందే ఎప్పుడో నొక్కినట్టున్నా.
మొదలుపెట్టాననుకున్నప్పుడు ఆగింది,
ఆపాననుకున్నప్పుడు మొదలైంది.
ఉన్నదల్లా నా మోకాళ్లు,
తలకిందులుగా గాలిమరలు,
"పడిందా సామీ?" ఓబులేసు గొంతు,
"పడింది, పడింది!" పొంగిపోతున్న నా గొంతు.

ఆ రెండు గొంతుల వెనక
సన్నగా, కోపంగా,
ఒకే ఒక్క కూత.

అది చెరపలేదు.
రేపు గుత్తిలో ముహూర్తం.
ఎల్లుండి మళ్లీ పోతా,
చెప్పులు రోడ్డు మీదే వదిలి.