ఎల్లాజీయా, సైమనా

ఫిషింగ్ హార్బరు, తెల్లారగట్ల నాలుగు.
ఐసు లారీ ఇంకా రాలేదు.
తగువు మాత్రం వచ్చేసింది.

"ఎల్లాజీ కుడిచెయ్యి పడితే గోడైనా కూలాల్సిందే."
"పడితే కదేటి! ఆడి దవడ గాజుగ్లాసు గురూ,
తుమ్మితే పగిలిపోద్ది."
"మరి మీ సైమనో? మూడో రౌండుకే
సింహాచలం మెట్లెక్కినట్టు రొప్పుతాడు."

ఇద్దరూ హెవీవెయిట్లే. ఒకడు పోర్టు, ఒకడు రైల్వే.
ఓ ఏడు వీడి బొటనవేలు విరిగింది.
మరో ఏడు బరువు తూచే వేళకి వాడు
కంచరపాలెం సారాకొట్లో దొరికాడు.
ఆ గంట మోగనే లేదు.

ఇరవయ్యేళ్లుగా బల్లకి రెండు మూలలా టీగ్లాసులు పెట్టి
వీళ్లే ఆడిస్తున్నారు ఆ ఆట.
నిన్న ఎల్లాజీ గెలిచాడు.
ఇవాళ ముసురు, చల్లగా ఉంది,
సైమన్‌కి ఊపిరి నిలుస్తుందట.

నన్నెవరూ అడగరు,
ఆ రెండు మొహాల మీదా తడిగుడ్డ అద్దినవాణ్ని.
కొట్టేముందు ఎల్లాజీ కళ్లు మూసుకునేవాడు.
సైమన్ దెబ్బతిని మూలకొచ్చి
నాకు సారీ చెప్పేవాడు.

ఎవరు గెలిచేవారో ఏం చెప్పను?
ముందు భయపడేదెవరో తెలుసు.
ఇద్దరూను. ఒకేసారి.

లారీ హారన్ కొట్టింది.
రౌండు మధ్యలోనే లేచారు,
టీ డబ్బులెవరివని
మళ్లీ మొదలెట్టి.