వెనక బెంచీ

నీ మొదటి ప్రసంగం పదకొండు కాగితాలు.
పీతల ఫ్యాక్టరీలో టీ విరామాల్లో రాసుంటావు,
మూడో పేజీ మీద ఉప్పునీటి మరక.
నా వంటింటి బల్ల మీద పరిచి
ఎర్రపెన్సిలు నా చేతికిచ్చి నిలబడ్డావు
యాభై రెండేళ్ల బడిపిల్లాడిలా,
పడవ ఇంజను దగ్గు విని జబ్బేమిటో చెప్పేవాడివి!

పెన్సిలు పక్కనపెట్టి టీ పోశాను.
"దేవుడు ఇందులో చాలా మాట్లాడాడు గానీ హెడ్లీ,
నువ్వే ఎక్కడా కనబడలేదు."
నువ్వు జవాబివ్వకుండా కిటికీలోంచి చూశావు.
మే నెల. మన రేవు నోట్లో ఇరుక్కున్న మంచుకొండ
మూడు వారాలుగా లోపలికీ రాదు, బయటికీ పోదు.

పట్నం పంపిన పాస్టర్లెవరూ
ఈ న్యూఫౌండ్‌లాండ్ గాలికి మూడు చలికాలాలు ఆగలేదు.
ఆపైన జీతమిచ్చే స్తోమతా పోయింది సంఘానికి.
ఇరవై ముగ్గురం మిగిలి, ఒకరి మొహాలొకరం చూసుకుని
చివరికి అందరం నీ మొహం చూశాం.
"నాకు గ్రీకు రాదు మిస్ వెర్నా" అన్నావు.
నేను మరిచిపోయీ నలభై ఏళ్లయింది,
ఎవరితోనూ అనకు.

ఆ వేసవంతా నీకు నేను నేర్పింది వేదాంతం కాదు.
శ్మశానం గేటు తాళం కాస్త పైకెత్తి తిప్పాలని.
ఆర్డెల్లా ముసలమ్మతో ఎడమచెవి వైపే మాట్లాడాలని.
స్ప్రాక్లిన్ అన్నదమ్ములు ఒక వలకోసం తగువుపడి
చెరో కిటికీ కింద కూర్చుంటారు,
వాళ్లను కలిపే వాక్యం వెతకొద్దని,
మంచు పడ్డ రోజున ఇద్దరికీ ఒకే పార ఇవ్వమని.
చావింటికి వెళితే ముందు బూట్లు విప్పు,
తర్వాత టోపీ తియ్యి,
నోరు విప్పడం ఆఖర్న, అదీ అవసరమైతే.
కప్పులు కడుగు.
కడిగే చేతుల దగ్గరికొచ్చి మనుషులు
ఎవరికీ చెప్పనివి చెబుతారు.

ఒకటి మాత్రం నీకు చెప్పలేదు.
నా మొదటి సమాధి ప్రసంగాన్ని ఊరంతా మెచ్చుకుంది.
చనిపోయినవాడి భార్య మళ్లీ చర్చి గడప తొక్కలేదు.
ఎందుకని నేను వెళ్లి అడగలేదు.

సెప్టెంబరులో డాల్టన్ పడవ ఒక్కటే తిరిగొచ్చింది.
పందొమ్మిదేళ్లవాడు.
పెట్టెలో వాడి రెయిన్ కోటు పెట్టారు.
నువ్వు ప్రసంగ వేదిక ఎక్కావు,
బైబిలు తెరిచావు, మూశావు,
మళ్లీ తెరిచావు.
హీటరు గొట్టం టకటకమంది.
ఒక్కొక్క తలా వెనక్కి తిరిగింది,
వెనక బెంచీలో ఉన్న నావైపు:
ముప్పై ఏళ్లు వాళ్లకోసం మాటలు వెతికిపెట్టినదాన్ని కదా.
నాలుక చివర కీర్తన సిద్ధంగానే ఉంది.
నా బూట్ల లేసులు చూస్తూ కూర్చున్నాను.
లేవలేదు.

నువ్వే దిగొచ్చావు.
ముందు వరసలో, తండ్రి పక్కన నిలబడి
పాఠం అప్పగించే గొంతుతో కాదు,
పడవల షెడ్డులో మాట్లాడే గొంతుతో అన్నావు:
"ఆగస్టులో ఆ ఇంజను బాగుచేసింది నేనే, రూబెన్."

ఎంతసేపో ఏమో.
అతను నీవైపు చూడలేదు.
క్షమించాననీ అనలేదు.
కాస్త జరిగాడు, అంతే,
ఒక మనిషి పట్టేంత.
నువ్వు కూర్చున్నావు.
ఎక్కడో ఎవరో పాట ఎత్తుకున్నారు, శ్రుతి తప్పి.

కారులో "పాడుచేశాను" అన్నావు.
ఫ్లాస్కు మూత తీసి టీ ఇచ్చాను.
బాగుందనీ బాగాలేదనీ చెప్పలేదు,
నాకూ తెలియదు గనుక.
ఇంటికొచ్చి దీపం కింద చూసుకుంటే
బెంచీ అంచు నా అరచేతిలో ఎర్రగా అచ్చుపడి ఉంది.

వచ్చే ఆదివారం నేనుండను.
అఖాతం అవతల బడిలో వంటచేసే ఆవిడొకామె
ప్రసంగం రాసి పెట్టుకుందట, పద్నాలుగు కాగితాలు.
తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో.
పైకెత్తి తిప్పాలి,
గుర్తుంది కదా.