బోర్లించిన గ్లాసు

గ్రీనక్‌లో డిసెంబరు
మూడున్నరకే దీపాలు వేయిస్తుంది.
పడుకునే వేళకి చీకటి పాతబడిపోయి ఉంటుంది.

స్ట్రూవన్ పీట ఎక్కి
బఠాణీ గింజంత పేస్టు పెట్టుకుని తోముతున్నాడు.
అమ్మమ్మ ఇష్‌బెల్ అలవాటుగా
కుళాయి కింద గ్లాసు పట్టింది.
నురగ పోయేదాకా పుక్కిలిస్తేనే
ఆమె లెక్కన నోరు కడిగినట్టు.

"వద్దు," అన్నాడు నురగలోంచి.
"ఉమ్మెయ్యాలంతే. నీళ్లు పోస్తే
మందు కూడా పోతుందట,
బడిలో టీచరు చెప్పింది."
తుపుక్కున ఉమ్మి గ్లాసు బోర్లించాడు.
పెదవి మీద తెల్లగీత అలాగే ఉంది.

ఇష్‌బెల్ ఇరవై ఒకటో పుట్టినరోజుకి
ఓడల యార్డులో రివెట్లు కొట్టే నాన్న
డబ్బు కూడబెట్టి ఇచ్చిన కానుక
ఒక్క పూటలో పళ్లన్నీ పీకించడం.
ఇక జన్మలో పంటినొప్పి రాదన్నాడు.
నిజమే, రాలేదు.
ఆపిల్‌ని మాత్రం ఇప్పటికీ
చెంచాతో గీరుకు తింటుంది.

వాడు నిద్రపోయాక
ఆ గ్లాసే తిప్పి, నీళ్లు పట్టి,
కట్టుడుపళ్లు అందులో వేసింది.

పక్కగదిలో, తెరుచుకున్న చిన్న నోట్లో,
ఎవరూ కడగని పుదీనా ఘాటు
ఒక్కో పంటి దగ్గరా ఆగి
కాపలా కాస్తోంది.