నొక్కి పట్టు

కాస్త్రో రేవులో, నీళ్లలో కర్రకాళ్ల మీద నిలబడ్డ
పన్నెండు బల్లల హోటలు మాది.
చిలోయె దీవిలో వాన పడుతోందని ఎవరూ అనరు.
పడనప్పుడే చెప్పుకుంటారు.

నా అరచేతిలో ఫోను.
వంటింట్లో, పొయ్యికి మూరెడు ఎడంగా
గోడకు బిగించిన చిన్న ప్రింటరు.
ఇక్కడ వేలు ఆనిస్తే అక్కడ అది నాలుక చాపుతుంది:
"నాలుగో బల్ల. కురాంతో రెండు. ఒకదాంట్లో పంది మాంసం వద్దు."
చర్రున చించి, మేకుకు గుచ్చి, వండుతాడు
మా అన్న బల్దోమేరో.

నన్నడక్కుండా నాన్న పడవ అమ్మేశాడు.
ఆ పూట నుంచి పదకొండు నెలలుగా
మా మధ్య మాటల్లేవు, చీటీలే.
చీటీలో గొంతు ఉండదు, అదే సుఖం.
ఒక్కసారి మాత్రం అడుగున గమనిక అనే గడిలో
"ఉప్పు ఎక్కువైంది" అని కొట్టి పంపాను,
ఏ బల్లవాళ్లూ అనకుండానే.
తర్వాతి గిన్నె చప్పిడిగా వచ్చింది.

జూలైలో ఒక రాత్రి గాలి లేచింది.
చకావో జలసంధికి అవతల ఎక్కడో తీగ తెగిందట,
దీవి మొత్తానికీ ఇంటర్నెట్ పోయింది.
కార్డు మిషను కళ్లు తేలేసింది.
తొమ్మిదో బల్ల దగ్గర సాల్మన్ కంపెనీ కుర్రాళ్లు
ఫోన్లు దీపాల్లా పైకెత్తి పట్టుకుని
"ఇక కట్టెయ్యండక్కా" అన్నారు.
నవ్వొచ్చింది నాకు.
నా చేతి నుంచి వంటింటికి మాట వెళ్లడానికి
సముద్రం దాటాలా ఏమిటి?
అటక మీద రెండు కొమ్ములేసుకుని కూర్చున్న రూటరు
అది వింటే చాలు, అది అందిస్తే చాలు.
లోకంతో తెగింది గానీ ఇంట్లో ఇల్లు తెగలేదు
అనుకున్నాను, కాస్త గర్వంగానే.

అప్పుడు పోయింది కరెంటు.
నిమిషంలో వచ్చింది కూడా.
నిద్ర లేచిన రూటరు ఎవరెవరో మరిచిపోయి
ప్రింటరుకు కొత్త అంకె వేసింది.
నా ఫోను పాత గుమ్మం ముందే నిలబడి
తలుపు తట్టింది, తట్టింది.
చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు
తెర మీద చక్రం తిరిగి తిరిగి
"ప్రింటర్ కనబడలేదు" అంది.

కనబడకపోవడమేంటి, పదడుగుల దూరం!

తోపుడు తలుపు నెట్టుకుని లోపలికెళ్లాను.
ఆవిరిలో అన్న వీపు.
"ఆ బొత్తాం," అన్నాను.
"నొక్కి పట్టు. అయిదు సెకన్లు. వదలకు."
ఇటు తిరక్కుండానే చెయ్యి చాపి నొక్కాడు.
మిషను తన గురించి తానే ఒక చీటీ రాసుకుంది.
కళ్లజోడుకు పట్టిన ఆవిరి చొక్కాతో తుడుచుకుని
"నూట తొంభై రెండు," అన్నాడు.
"చుక్క. నూట అరవై ఎనిమిది. చుక్క.
ఒకటి. చుక్క."
దగ్గాడు.
"ముప్పై ఏడు."

పదకొండు నెలల తర్వాత మా అన్న నాతో మాట్లాడినవి
నాలుగు అంకెలు, మూడు చుక్కలు.
పడవ సంగతి కూడా ఇలాగే
మెల్లగా, ఒక్కొక్కటే చెప్పి ఉంటే.
"మళ్లీ చెప్పు," అన్నాను.
నిజానికి మొదటిసారే సరిగ్గా కొట్టాను.
మళ్లీ చెప్పాడు.

ఆ చీటీ ఇప్పటికీ పొయ్యి పక్క గోడకే అంటించి ఉంది.
వేడికి పుట్టే అక్షరాలవి, వేడికే మాసిపోయాయి.
నల్లటి మరక తప్ప అందులో ఏమీ కనబడదు.
అన్న పీకెయ్యలేదు, నేనూ అడగలేదు.

పుంతా అరెనాస్‌లో చదువుకునే యెర్కో
సెలవులకొచ్చి రూటరు విప్పి చూశాడు.
"అత్తా, అడ్రసు మారకుండా కట్టేస్తాను,
రెండు నిమిషాల పని."

కట్టెయ్యొద్దన్నాను.
వింతగా చూశాడు పిల్లాడు.

ఇక్కడ చలికాలంలో
నెలకు రెండుసార్లయినా కరెంటు పోతుంది.