తలుపు సంగతి

మా సంఘం మినిట్స్ పుస్తకం
గొడవతోనే మొదలైంది.
పచ్చికర్రతో తలుపు చేశాడని
హెయిక్కి లంపినెన్ మీద ఫిర్యాదు.
మొదటి చలికాలానికే వంకర తిరిగిందట.
కింద నాలుగు వేళ్ల సందు.
మంచు లోపలికొచ్చి
చివరి బెంచీ కింద చేరేది,
ఆలస్యంగా వచ్చిన కుర్రాడిలా.

"తలుపు బాగు చేయించవలెను.
వచ్చే సమావేశానికి వాయిదా."
సిరా వెలిసి తేనీటి రంగుకొచ్చింది.

రాగి గనిలో షిఫ్టు దిగి
టోపీల మీది దీపాలు ఆర్పకుండానే
దూలాలెత్తారు వాళ్లు.
మేకులు అప్పు. గంట అప్పు.
దేవుడొక్కడే రొక్కం అని
మా తాత తువోమాస్ నవ్వేవాడు.
నవ్వితే దగ్గొచ్చేది,
దగ్గితే గని బయటపడేది.

సమ్మె జరిగిన ఏడు
నాలుగు పేజీలు చింపేసి ఉన్నాయి.
చింపిందెవరో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు.
ఐదో పేజీలో ఇంతే:
"బెంచీల మీద పడుకున్న పిల్లలు, ముప్పై ఏడుగురు.
రొట్టెలు అరవై. వెన్న లేదు."
ఆ ఆదివారమే
కంపెనీ పక్షం వాళ్లు ఆరు కుటుంబాలు
ప్రసంగం మధ్యలో లేచి
పాటల పుస్తకాలు చంకన పెట్టుకుని
వీధి దాటి మెథడిస్టుల దగ్గరికి వెళ్లిపోయారు.

వీధి వెడల్పు ఇరవై అడుగులు.
తిరిగి దాటడానికి నలభై రెండేళ్లు పట్టింది.
అప్పుడైనా ఎవరూ క్షమాపణ అడగలేదు.
అవతలి చర్చిలో బాయిలరు పగిలింది, అంతే.
ఇంపి పెద్దమ్మ తలలు లెక్కపెట్టి
"కప్పులు తొమ్మిది తక్కువ" అని
ఇంటికి నడిచింది, అప్రాన్‌లో మోసుకొచ్చింది.
వాటిలో ఒకటి ఇంకా ఉంది.
పిడి లేదు.

ఫిన్నిష్ ఆరాధన మొదట పదింటికి ఉండేది.
తర్వాత ఎనిమిదింటికి.
తర్వాత నెలకోసారి.
ఆఖరిసారి ముగ్గురు ముసలమ్మలు, ఒక ఆర్గను.
వాయించింది నేనే. నాకప్పుడు పదకొండేళ్లు.
ఆ పాటల్లో మాటలు నాకు తెలియవు.
వాళ్లు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో
అది మాత్రం తెలుసు.

గని మూతబడింది.
ఆ రెండేళ్లలో బాప్తిస్మాలు సున్నా,
వీడ్కోలు విందులు పద్నాలుగు.
ఆ రాసిన చేతికి విసుగొచ్చి
పద్నాలుగో దానికి తేదీ వేయలేదు.

మొన్న జనవరిలో
సుపీరియర్ సరస్సు మీంచి గాలి లేచి
రోడ్డూ ఆకాశమూ ఒకటైపోయిన రాత్రి
అబ్దీరిజాక్ అనే లారీ డ్రైవరు
తలుపు కింద సన్నటి వెలుతురు గీత చూసి ఆగాడట.
ఆ దీపం ఆర్పడం మరిచింది నేనే.
తెల్లారి అతను అడిగింది ఒకటే,
ఈశాన్యం ఎటు అని.
మేం నలుగురం నాలుగు దిక్కులు చూపించాం.
తొంభై ఏళ్ల ఇల్మి
మొగుడి గని కంపాస్ తెచ్చి బల్ల మీద పెట్టింది.
"గనిలో దీనికి పిచ్చెక్కేది,
వంటగదిలో అబద్ధమాడదు" అంది.
ఉతికిన బల్లగుడ్డ ఒకటి పరిచింది.
కాఫీ మరిగేదాకా
మేమంతా గొంతు తగ్గించుకున్నాం.
అతను రెండు రాత్రులున్నాడు.
వెళ్తూ వెళ్తూ మెట్ల మంచు ఎత్తిపోశాడు.
మా రెయినో కన్నా బాగా.

నిన్న సాలుసరి సమావేశం. పదకొండు మందిమి.
పాస్టరు సోల్వేగ్ కొత్తమనిషి,
కొలతలు తీయించి అంచనా తెచ్చింది:
తలుపుకి నాలుగు వేల డాలర్లు.
"వేడంతా కెనడాకి పోతోంది" అన్నాడు రెయినో.
"పోనీ, వాళ్లకీ చలే కదా" అంది ఇల్మి.
గంటన్నర.
కేకు అయిపోయింది.

నేను రాశాను:
తలుపు సందుకి పాత తువ్వాలు చుట్టి పెట్టుటకు తీర్మానం.
తువ్వాలు ఎవరిది అన్న సంగతి
వచ్చే సమావేశానికి వాయిదా.