వాసన లేనిది

ఉమ్మల్ క్వైన్‌లో వేడి రావట్లేదని కంప్లైంటు!
చీటీ చదివి హ్యాంగరంతా నవ్వింది.
జులైలో ఇక్కడ పానా ముట్టుకుంటే అరచేయి బొబ్బలెక్కుతుంది,
టూల్‌బాక్సు మీద తడిగుడ్డ కప్పి ఉంచుతాం
జ్వరమొచ్చిన చంటిపిల్లకి లాగా.
కానీ ఇది జనవరి.
హజర్ కొండల మీద, ఎనిమిది వేల అడుగుల ఎత్తున,
నాలుగు సీట్ల రేకు డబ్బాలో
హుదా అనే అమ్మాయికి వేళ్లు కొంకర్లు పోయాయట.
కింద ఇంకో రెండు రాసింది, గుండ్రటి అక్షరాలతో:
రేడియోలో కీచు.
లైటు వేస్తే అమ్మీటరు సూది వణుకుతోంది.

ముందు కీచు పట్టాను.
ఇంజను వేగం పెంచితే అదీ గొంతు పెంచుతుంది,
తగ్గిస్తే తగ్గుతుంది.
ఆల్టర్నేటరు కూత అది, రేడియో పాపం ఏమీ లేదు.
క్లబ్బువాళ్లు అప్పటికే కొత్త రేడియో ధర కనుక్కున్నారు.
నేను టార్చి పళ్లతో కరచుకుని
ఎర్త్ తీగ వెంట పాక్కుంటూ పోయాను.
దొరికింది. ఫైర్‌వాల్ వెనక, బోల్టు కింద,
ఖోర్ మీంచి వచ్చే ఉప్పుగాలికి
పచ్చగా పట్టిన చిలుము.
చింతపండుతో చెంబు తోమినట్టు
గరుకు కాగితంతో తోమి తోమి, మీటరు పెట్టాను.
సున్నా.
సున్నా వచ్చిందని సంబరపడే కొలువు
ఇంకోటి ఉందేమో నాకు తెలీదు.

వేడి సంగతి మరీ తేలిక.
పిడి లాగితే తీగ కదలాలి, తీగ కదిలితే గాలి తలుపు తెరుచుకోవాలి.
తీగ తెగి ఉంది. మార్చాను. ఇరవై నిమిషాలు.
"మూసెయ్, సంతకం పెడతా" అన్నాడు వీరసింఘె సారు.
"మఫ్లరు మీద తొడుగు కూడా విప్పుతా సార్."
"మొన్ననేగా చూశాం, దేనికి?"
"ఊరికే."

ఊరికే కాదు.
ముత్యం అని, మెట్‌పల్లి అవతలివాడు,
దైద్ దగ్గర మజ్రాలో మేకలు కాసేవాడు.
ఇలాంటి జనవరి రాత్రే ఫోను చేశాడు:
"సలి కొరుకుతుందిరా, నూనె డబ్బల బొగ్గులేసుకున్న,
ఇగ మంచిగ నిద్ర పడుతది."
తలుపు సందుల్లో గోనెపట్టాలు కుక్కుకున్నాడు.
తెల్లారి మేకలు ఆగకుండా అరుస్తుంటే వెళ్లి చూశారట.
కాగితం మీద గుండె ఆగిందని రాశారు.
గుండె ఆగకుండా ఎవడు పోయాడు గనక!

తొడుగు విప్పాను.
వ్యాక్యూమ్ క్లీనరు గొట్టం తిరగేసి లోపలికి గాలి ఊది
వెల్డింగు గీత వెంట సబ్బునీళ్లు పూశాను.
ఏమీ లేదు. ఏమీ లేదు.
ఒక బుడగ.
పక్కన ఇంకోటి. మూడోది పెద్దదై పగిలింది.
వెంట్రుకంత బీట.
సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

ఆ తీగ తెగకపోయి ఉంటే
పిడి లాగగానే వెచ్చటి గాలి వచ్చేది.
హుదా వేళ్లు సాగేవి, హాయిగా.
కాసేపటికి ఒక ఆవలింత.
పని చెయ్యలేదని చీటీకెక్కిన తీగ ముక్కని
చెత్తడబ్బాలోంచి ఏరి జేబులో వేసుకున్నాను.

ప్రొపెల్లరుకి ఎర్ర పట్టీ కట్టాం.
లాగ్‌బుక్కులో సారు రెండు లైన్లు రాశాడు.
హుదా వచ్చి, ఒక్క వేడి పిడికి ఇన్నాళ్లా అని విసుక్కుంది,
పరీక్ష దగ్గరపడుతోందట, గంటలు చాలవట.
వారం పడుతుందన్నాను.
ముత్యం సంగతి ఆమెకెందుకు.

రాత్రి రూములో ఎనిమిదిమందిమి.
కిటికీ వేలెడంత తెరిచి
మూసుకుపోకుండా ఆ తీగ ముక్క అడ్డం పెట్టాను.
చలి, పైగా మొహం మీద ఇసుక అని
పై మంచం కొమురెల్లి తిడుతున్నాడు.
తిట్టనీ.
పొద్దున్నే లేచి ఇంకా తిట్టనీ.