రెండో స్టూలు

ఉరవకొండ హైస్కూల్లో, ఏడో తరగతి గదిలో,
పిల్లోల బెంచీల్లో మోకాళ్ళు పట్టక
వంకరగా కూచున్నాం పదమూడు మందిమి.
మంగలి చౌడప్ప, ఆశా కార్యకర్త ఓబుళమ్మ,
లైన్‌మాన్ దస్తగిరి, చర్చి పాస్టరు ఏసురత్నం,
చెనిక్కాయల మిషను నాగలింగప్ప,
ఎరువులూ మందులూ అమ్మే నేను.
ఆఖరి బెంచీలో, ఎవురూ పక్కన కూచోని చోట,
ఫైనాన్సు కంపెనీ వసూళ్ళ మద్దిలేటి.

ఇతన్నెందుకు పిలిచినారని గుసగుస.
అనంతపురం పెద్దాసుపత్రి నర్సమ్మ ఫర్జానా
బోర్డు మీద సుద్దముక్క ఆపకుండానే అనింది:
"ఊర్లో అన్ని గడపలూ తెలిసింది ఆయనకేనంట."

ఉగ్గాని, బజ్జీ పెట్టినారు. కాగితాలు పంచినారు.
నాకు నవ్వొచ్చింది, చెప్తే తప్పేముంది.
ముప్పై రెండేండ్లు అంగట్లో కూచుని
మొగం చూసి అప్పు కొలిచినోణ్ని,
నాకు మాట్లాడేది నేర్పిస్తారా అని.

"చావాలనిపిస్తోందా అని నేరుగా అడగండి.
అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.
ముందే ఉన్న నొప్పికి
కూచునేంత చోటు దొరుకుతుంది, అంతే."
చౌడప్ప కత్తెర లేని చేతులు
ఎక్కడ పెట్టుకోవాల్నో తెలీక ఒళ్ళో దాచుకున్నాడు.
బిడ్డల్ని రోజుకు పదిసార్లు
"సావుపో" అని తిట్టే నోర్లే మావన్నీ,
ఈ ఒక్క ప్రశ్న దగ్గర తడారిపోయినాయి.

మధ్యాన్నం జోడీలు కట్టినారు.
నాకు మద్దిలేటి పడినాడు.
ఆయన కాగితంలో: నువ్వొక రైతువి.
మూడో బోరూ ఎండింది. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు.
నా కాగితంలో: నువ్వు అంగడి ఆయనవి. అడుగు.

చదివినాడు గడగడా, రసీదు చదివినట్టు.
అడిగినా నేను, పాఠం అప్పజెప్పినట్టు:
"ఏమప్పా, నీకు చావాలనిపిస్తా ఉందా?"

కాగితంలో దానికి జవాబు రాసుంది.
మద్దిలేటి అది చదవలే.
కాగితాన్ని మడిచినాడు, మళ్ళా మడిచినాడు,
గోరంత అయ్యేదాకా.
"ఉగాది నుంచీ" అన్నాడు.

ఫ్యాను తిరగతా ఉంది.
పక్క జోడీలో ఓబుళమ్మ నవ్వతా ఉంది,
పాస్టరు తప్పు చదివినాడని.
నా కాగితంలో తరువాతి లైను లేదు.

నోటికొచ్చినవి ఏవంటే
ఛ, అట్లంటారా. పెండ్లాం బిడ్డల్ని చూసుకో. దేవుడుండాడు.
పొద్దున బోర్డు మీద గీత కొట్టిన మాటలే అన్నీ.
మింగేసినా.
"చెప్పు" అన్నా. "ఈ పొద్దు నాకు పనేం లేదు."

చెప్పినాడు.
వసూలు తక్కువైతే సొంత జీతంలోంచి కట్టింది,
ఏ వీధిలోకి పోయినా తలుపులు మూసుకునేది,
కూతురు స్కూల్లో నాయిన పని
డ్రైవరని రాయించుకున్నది.
నడుమ బెల్లు కొట్టినారు. మేమిద్దరం లేవలే.

ఫర్జానమ్మ వచ్చి మా కాళ్ళ దగ్గర నేల మీదే కూచుంది.
"ఈ రాత్రి తోడెవరుంటారు?" అని అడిగింది,
ఏ బస్సుకు పోతావన్నంత మామూలుగా.
చెయ్యెత్తింది దస్తగిరి.
పోయినేడు అతని బండిని
ఇంటి ముందు నుంచి గుంజుకుపోయింది ఈ మద్దిలేటే.
"మా ఇంట్లో పండుకోనీ" అన్నాడు,
ఎవురి మొగమూ చూడకుండా.

తెల్లారి ముగ్గురం అనంతపురం బస్సెక్కినాం.
డాక్టరు గది బయట వరసలో
నాకు తెలిసిన మొగాలు నాలుగు కనపడినాయి.
ముప్పై రెండేండ్లు నేనేం చూసినట్టు?

సర్టిఫికెట్టు ఇచ్చినారు, నా పేర్లో అచ్చరం తప్పు.
తగిలించలే.
మందుల బీరువాకు తాళమేసినా.
తాళంచెవి వెతికేలోపల
ఏ పైరు, ఏం పురుగు, రాత్రి నిద్ర పట్టిందా,
నాలుగు మాటలు పడతాయి.
అన్నిసార్లూ అడగలేను. కొన్నిసార్లు గొంతు పట్టుకుంటాది.
అప్పుడు ఓబుళమ్మకు ఫోను చేస్తా,
ఆమె చౌడప్పకు చేస్తాది.

కౌంటరు ఈవల రెండో స్టూలు తెచ్చిపెట్టినా.
మద్దిలేటి ఇంకా అదే పనిలో ఉండాడు,
తలుపులింకా కొన్ని మూసుకుంటానే ఉండాయి.
బేస్తవారం వచ్చి కూచుంటాడు,
ఒకోసారి ఏమీ మాట్లాడడు.
నిన్న, స్టూలు కాలు ఊగతా ఉందని
అట్టముక్క మడిచినాడు, మళ్ళా మడిచినాడు,
వంగి దాని కింద పెట్టినాడు.